రెండువందల పదమూడో జవాబు

మనుషుల్ని జవాబులుగా మార్చింది మీరే, ధర్మప్రశ్నోత్తర మండలి పెద్దల్లారా! అది దైవనిర్ణయమని ఆఫీసు గోడకు పలక రాయించి తగిలించుకున్నారు గానీ, తీర్మానం పెట్టింది మీరు, చేతులెత్తింది మీరు, ఆ తర్వాత టీ తాగి ఇళ్లకు పోయిందీ మీరే. ఆ తీర్మానం ప్రకారమే కొమ్మలూరు రంగుల మిల్లులో పనిచేసే దానియేలు ఒక ఆదివారం ప్రార్థన ముగిశాక, అందరూ చూస్తుండగా, ప్రశ్నోత్తరాల పుస్తకంలో రెండువందల పదమూడో జవాబుగా మారాడు.

మార్పు ఏ హడావుడీ లేకుండా జరిగింది. ముందు పాదాలు పలచబడ్డాయి. తర్వాత మోకాళ్లు, నడుము. చేతులు చివరిదాకా ఎర్రగానే ఉన్నాయి, ఎందుకంటే మిల్లు రంగు సబ్బుకు పోయేది కాదు. చివరికి నోరు మిగిలి, అదీ పోయింది. పాస్టరుగారు బల్ల మీదున్న పుస్తకం తెరిచి చూస్తే ఆఖరి పేజీలో తడి ఆరని వాక్యం ఒకటి ఉంది. ఆయన ఒత్తులూ దీర్ఘాలూ సరిచూసి, ఆరేదాకా ఊది, పుస్తకం మూశారు. జనం బయటికొచ్చి చెప్పులు వేసుకున్నారు. దానియేలు చెప్పులు మాత్రం మెట్ల దగ్గర ఉండిపోయాయి. వాటిని అతని భార్య సలోమి చేతిలో పట్టుకుని ఇంటికి తీసుకెళ్లింది.

కొమ్మలూరులో ఇది కొత్త కాదు. మండలి అచ్చువేసే పుస్తకం ఒక్కటే. గుడిలో చదివే పిల్లలకు ఒక అట్ట, చర్చి పిల్లలకు ఒక అట్ట, మసీదు పిల్లలకు ఒక అట్ట. మొదటి పేజీలో దేవుడి పేరు మారుతుంది. అక్కణ్ణుంచి చివరిదాకా మనిషి ఏం చేయాలో, ఎవరికి లొంగాలో, దేనికి సర్దుకోవాలో అన్నీ ఒకే మాటల్లో ఉంటాయి. మతసామరస్యానికి ఇంతకంటే రుజువు ఏం కావాలని మండలి ఛైర్మన్ పూర్ణచంద్రరావు ప్రతి వార్షికోత్సవంలోనూ అడుగుతారు. రంగుల మిల్లు యజమాని కూడా ఆయనే.

ఇదెందుకిలా అని పుస్తకంలో లేని ప్రశ్నను ఎవరైనా అడిగితే పుస్తకానికి లోటు వచ్చినట్టు. లోటు వచ్చిన పుస్తకం పవిత్రంగా ఉండదు. అందుకని అడిగినవాణ్ణే జవాబుగా మార్చి ఆ లోటు పూడ్చాలని నిబంధన. పెద్ద వీధిలో కుళాయిలుండి మన పేటలో ఎందుకు లేవని అడిగిన బీబీజాన్ అనే ముసలామె ఓర్పును గురించిన జవాబుగా ఉంది. ఉత్సవం రోజు డప్పు కావాలి, డప్పు కొట్టేవాడు గడప దాటకూడదు, ఇదెట్టా అని అడిగిన చినపోలయ్య తన స్థానమెరిగి ఉండటాన్ని గురించిన జవాబుగా ఉన్నాడు. ఇళ్లవాళ్లు ఏడ్చి, ఊరుకుని, రేషన్ కార్డులో ఆ పేరు ఎదురుగా ‘జవాబు’ అని రాయించుకుంటారు.

దానియేలు అడిగింది బావుల గురించి. పేటలోని బావుల్లో నీళ్లు ముందు గులాబీ రంగులోకి తిరిగాయి. ఉతికిన తెల్ల పంచెలు అదే రంగులో ఆరాయి. తర్వాత అన్నం ఎర్రగా ఉడకడం మొదలైంది. తర్వాత పిల్లల చిగుళ్లు వాచాయి, కడుపునొప్పులొచ్చాయి, సలోమి తోడికోడలి చంటిబిడ్డ పోయింది. ఆ ఆదివారం పాస్టరుగారు ప్రసంగం ముగించి, ఎవరికైనా సందేహాలుంటే చెప్పండని ఎప్పటి అలవాటు కొద్దీ అన్నారు. పక్కనే ముఖ్య అతిథిగా ఛైర్మన్ గారు కూర్చుని ఉన్నారు. దానియేలు లేచి చేతులు కట్టుకుని అడిగాడు.

“నాకు తెలవక అడుగుతున్నానయ్యా. మా బావుల్లో నీళ్లు ఎందుకు ఎర్రబడ్డయ్యి?”

అంతే. అతను మారగా వచ్చిన ప్రశ్న, జవాబు ఇవి. ‘నీటి విషయమై మానవుని ధర్మమేమి?’ ‘నీటి విషయమై మానవుని ధర్మమేమనగా, తనకు ఒసగబడిన జలమును దాని వర్ణమును విచారింపక వినయముతోను కృతజ్ఞతతోను పానము చేయుటయే.’

ఆ జవాబును పిల్లలకు నేర్పవలసిన టీచరు సలోమి. సండేస్కూలు ఆమెదే. పెళ్లికి ముందు నుంచీ ఆమె ఆ చాపల మీద పిల్లల్ని కూర్చోబెట్టి ప్రశ్నోత్తరాలు చెప్పిస్తోంది. పద్ధతి పాతది. టీచరు ఒంటరిగా ప్రశ్న అడగాలి. పిల్లలు ఒక్క గొంతుతో ముందు ఆ ప్రశ్నను తిరిగి పలికి, దాని చివర జవాబు అతికించి, వాక్యం పూర్తి చేయాలి. టీచరు మధ్యలో అందించకూడదు. అందిస్తే ఆ జవాబు చెల్లదు.

మరుసటి వారం ఆమె రెండువందల పదమూడో ప్రశ్న అడిగింది. పిల్లలు గడగడా చెప్పేశారు. వాళ్ల గొంతుల అడుగున, ఎక్కడో, దానియేలు గొంతు ఉంది. జలుబు చేసినప్పుడు అతను మాట్లాడే గొంతు. కిటికీ బయట నిలబడ్డ ఆమె అత్త సంతోషమ్మ కూడా అది విన్నది. ఆ రోజు నుంచి ముసలామె ప్రతి ఆదివారం వచ్చి కిటికీ ఊచలు పట్టుకుని నిలబడేది. రెండువందల పన్నెండు దాకా చెంగుతో విసురుకుంటూ ఊరికే నిలబడి, కొడుకు వంతు రాగానే చెవి ఒగ్గేది.

“ఏమే సలోమీ, ఇయ్యాల మావోణ్ణి మరీ తొందరగా చెప్పించావే,” అనేది ఇంటికి పోయేటప్పుడు. “వాడు బతికున్నప్పుడు ఒక్క మాట చెప్పటానికి పూటంతా తీసుకునేవోడు. కాస్త నిదానంగా చెప్పించు, ఎక్కువసేపు ఇందాం.”

“బతికున్నప్పుడు అనమాక అత్తా. చావలేదు గదా.”

“చావలేదు నిజమే. మరి కూటికి రాడే?”



నెల తిరక్కముందే మండలి ఆఫీసు నుంచి ఒక తాఖీదు వచ్చింది. గడచిన రెండు ఆదివారాలు పిల్లలు ‘వినయముతోను’ అనే మాట వదిలేసి చెప్పినందున, సదరు జవాబుగా ఉన్న వ్యక్తి ఎడమకాలి చిటికెనవేలు లుప్తమైనదని, ఇకముందు జాగ్రత్త వహించవలెనని అందులో ఉంది. సలోమి తలుపు గొళ్లెం పెట్టుకుని ఏడ్చింది. నిబంధన అప్పుడు అర్థమైంది ఆమెకు. జవాబులో మాట జారితే మనిషిలోంచి ఒకటి జారుతుంది. దానియేలును నిండుగా నిలపాలంటే ఆ అబద్ధాన్ని అక్షరం పొల్లుపోకుండా నేర్పించడం తప్ప దారి లేదు.

నేర్పింది. మీరు ఎంత మంది ఇన్‌స్పెక్టర్లను పెట్టినా రాబట్టలేని పనిని ఆ ఒక్క తాఖీదు రాబట్టింది. పిల్లల మీద ఎన్నడూ చెయ్యెత్తని మనిషి బెత్తం కొనుక్కుంది. ఒత్తు పలక్కపోతే నిలబెట్టింది, దీర్ఘం కుదిస్తే ఎండలో ఉంచింది. ఎర్రనీళ్లు తాగి కడుపు పట్టుకుని కూర్చున్న పిల్లల చేత, నీటి వర్ణమును విచారింపక అని వందసార్లు చెప్పించింది. జిల్లా మొత్తంలో ఆ ప్రశ్నను అంత స్పష్టంగా పలికే తరగతి లేదని మండలి ఆమెకు ప్రశంసాపత్రం ఇచ్చింది. అది చదివినప్పుడు భర్త నిండుగా ఉంటాడని ఆమెకు సంతోషం కలిగింది. ఆ సంతోషానికి తనే సిగ్గుపడింది. సిగ్గుపడి, పై ఆదివారం మళ్లీ బెత్తం పట్టుకుని వెళ్లింది.

ఒకరోజు రెండో వరసలో కూర్చునే కెజియా అనే పిల్ల, జవాబు పూర్తయ్యాక, నోరు మూయకుండా ఇంకో మాట కలిపింది.

“టీచరమ్మా, మా అమ్మ నీళ్లు గుడ్డలో వడగట్టుద్ది. మరి వడగట్టటం రంగు ఇచారించినట్టు కాదా?”

పిల్ల కాలివేళ్లు పలచబడటం మొదలైంది. చాప గీతలు వాటి గుండా కనిపించాయి. సలోమి ఒక్క అంగలో వెళ్లి ఆ పిల్ల నోరు అరచేత్తో మూసి, తరగతి మొత్తం వినేలా గట్టిగా చెప్పింది.

“దగ్గు! ఈ పిల్లకి దగ్గు. ఎవరన్నా ఏమన్నా ఇన్నారా? దగ్గింది అంతే.”

“దగ్గిందండీ,” అన్నారు పిల్లలందరూ ఒక్క గొంతుతో. అలవాటైన పిల్లలు.

దగ్గు ప్రశ్న కిందికి రాదు. కాసేపటికి వేళ్లు చిక్కబడ్డాయి. కెజియా ఆ రోజు ఇంటికి నడిచే వెళ్లింది గానీ, ఆ తర్వాత ఎప్పుడూ ఏమీ అడగలేదు. ఏదైనా అడగాలనిపిస్తే దగ్గేది. కొన్నాళ్లకు తరగతిలో చాలామంది పిల్లలు దగ్గడం మొదలుపెట్టారు. మండలి దాన్ని చలికాలం ఖాతాలో వేసింది.

ఎండాకాలం మొదట్లో మండలి ఇంకో తీర్మానం చేసింది. పిల్లలకు ట్యూషన్లూ కోచింగులూ పెరిగి తీరిక తగ్గినందున పుస్తకాన్ని కుదించి సంక్షిప్త ముద్రణ తేవాలని. పేజీలు తగ్గితే భక్తి పెరుగుతుందని ఛైర్మన్ గారు అన్నారు. అచ్చుకు వెళ్లే ముందు ప్రతి టీచరుకూ నమూనా కాపీ పంపారు. సలోమి చివరి పేజీ తిప్పి చూసింది. రెండువందల పదమూడో జవాబు ఇలా ఉంది: ‘నీరు త్రాగవలెను.’

ఆ సాయంత్రమే ఆమె మండలి ఆఫీసుకు వెళ్లింది. అత్త వెంట రానంటే రానని మొండికేసి, తర్వాత తనే ముందు నడిచింది. ఆఫీసులో గుమాస్తా నాగభూషణం అరటిపండు తింటున్నాడు. తొక్క ఎక్కడ వేయాలో తెలియక చేత్తోనే పట్టుకుని వాళ్లను కూర్చోమన్నాడు.

“రెండు మాటల్లో మా ఆయన పట్టడు సార్,” అన్నది సలోమి. “ఆరడుగుల మనిషి.”

నాగభూషణం నమూనా కాపీ చూసి, సానుభూతిగా తలూపాడు.

“నిజమేనమ్మా, పట్టడు. గొంతు ఉంటుంది. పొట్ట ఉంటుంది. నీళ్లు తాగటానికి ఏమి కావాలో అవి ఉంటయ్యి. మిగతావి తీసేస్తారు. మీ ఆయనవే కాదు, అందరివీ అంతే. బీబీజాన్ మటుకు ఉత్త నడుమే మిగులుద్ది.”

“నా బిడ్డ చేతులు?” అన్నది సంతోషమ్మ.

“సంక్షిప్తంలో చేతులకి చోటు లేదమ్మా.”

“తీసినయ్యి మాకు ఇస్తారా? పాతిపెట్టుకుంటాం.”

“మాటలు తీసేస్తే ఇంకేముంటయ్యి ఇవ్వటానికి? కొట్టేసిన మాటని ఎవరన్నా తట్టలో పెట్టి ఇస్తారా పెద్దమ్మా?”

సలోమి బల్ల అంచు పట్టుకుని నిలబడింది. ఎన్నాళ్లుగానో అడగాలనుకున్న మాట అప్పుడు బయటికొచ్చింది.

“సార్, వారం వారం నేను అన్ని ప్రశ్నలు అడుగుతున్నా గదా. నన్నెందుకు మార్చలేదు? మా ఆయన ఒక్కటే అడిగాడు.”

నాగభూషణం నవ్వాడు. ఇంత చిన్న సంగతి టీచరుకే తెలియదా అన్నట్టు నవ్వాడు.

“నీకు జవాబు తెలుసు గదమ్మా. తెలిసి అడిగితే అది బోధన. తెలియక అడిగితేనే కదా పుస్తకానికి లోటు. నిబంధన మొదటి వాక్యమే అది. ఇప్పుడు నువ్వు అడిగిందీ అంతే, ఊళ్లో అందరికీ తెలిసిన సంగతి కాబట్టి నీకేం కాలేదు. మీ ఆయన్ని చూడు. నిండు సభలో లేచి, తెలవక అడుగుతున్నానయ్యా అని నోటితో ఒప్పుకున్నాడు. ఇంక మేమేం చేస్తాం?”

దానియేలుకు తెలియకపోవడమేమిటి? మిల్లు వెనక గొట్టం చక్రం తిప్పి రంగునీళ్లు వాగులోకి వదిలే పని అతనిదే. ఆ వాగు ఊట పేట బావులకు వస్తుందని అతనికి తెలుసు, ఆమెకు తెలుసు, పేటలో పాలుతాగే బిడ్డకు తప్ప అందరికీ తెలుసు. కానీ పెద్దమనిషి ముందు నిలబడి, నాకు తెలుసు అని మొదలుపెట్టడం ఆ పేటలో ఎవరికీ చేతకాదు. తాత నేర్పలేదు, తండ్రి నేర్పలేదు. తెలిసినదాన్నే తెలియక అడుగుతున్నానని చేతులు కట్టుకుని అడగడం అక్కడ మర్యాద. దానియేలు ఆ మర్యాద పాటించాడు. మీరు ఆ మర్యాదనే వాంగ్మూలంగా రాసుకున్నారు.

దారిలో సంతోషమ్మ అన్నది, “నేనే నేర్పానే వాడికి ఆ మాట. చిన్నప్పుడు. పెద్దోళ్లతో అట్టా మొదలుపెట్టరా, కోపం రాదు అని.”

“ఊరంతా నేర్పింది అత్తా. నువ్వొక్కదానివే కాదు.”

“అయితే ఇప్పుడేం చేస్తావే?”

“తెలిసి అడుగుతా.”

నిబంధనల్లో ఇంకొకటి ఉంది. ఏ ప్రశ్నకైనా సరైన జవాబు బహిరంగంగా విద్యార్థుల నోట పూర్తిగా వస్తే, అంతకుముందు దాని స్థానంలో పెట్టిన జవాబు రద్దవుతుంది. రద్దయిన జవాబు మునుపు ఏ రూపంలో ఉన్నదో ఆ రూపానికి తిరిగిపోతుంది. ఈ నిబంధన ఎప్పుడూ వాడలేదు కాబట్టి ఎవరూ కొట్టేయలేదు.

వార్షిక బహిరంగ పరీక్ష మిల్లు ఆవరణలో పెట్టారు. షామియానా వేశారు, కూలర్లు పెట్టారు, పిల్లలకు మజ్జిగ ప్యాకెట్లు పంచారు. వేదిక మీద ఛైర్మన్ గారు, ఆయనకు అటూ ఇటూ పూజారిగారు, పాస్టరుగారు, మౌల్వీగారు ఒకే రకం కుర్చీల్లో కూర్చున్నారు. వెనక తల్లిదండ్రులు. దాదాపు అందరూ మిల్లు మనుషులే కాబట్టి ఆ రోజు షిఫ్టు మార్చి సెలవిచ్చారు. గుడి పిల్లలు చెప్పారు, మసీదు పిల్లలు చెప్పారు, చప్పట్లు పడ్డాయి. చర్చి పిల్లల వంతు వచ్చింది.

సలోమి లేచి మైకు ముందుకు వెళ్లింది. పుస్తకం తెచ్చుకోలేదు.

“రెండువందల పదమూడో ప్రశ్న,” అని, కాస్త ఆగి, “నేను తెలిసే అడుగుతున్నా,” అన్నది.

వేదిక పక్కన మినిట్స్ రాస్తున్న నాగభూషణం ఉలిక్కిపడ్డాడు. నిబంధన ప్రకారం ఆమె మాటలో తప్పులేదు. ఆమె పాదాలు నేల మీద చిక్కగానే ఉన్నాయి.

“మన బావుల నీళ్లను ఎర్రగా చేసినది ఎవరు?”

పద్ధతి ఎరిగిన పిల్లలు. ఆలోచించే పని లేకుండా ఒక్క గొంతుతో అందుకున్నారు.

“మన బావుల నీళ్లను ఎర్రగా చేసినది...”

అక్కడ ఆగారు.

వాళ్లకు తెలియక కాదు. ఆ పేరు రోజూ రాత్రి అన్నాల దగ్గర వింటారు. తండ్రులు కంచం తోసేసి ఆ పేరును తిట్టడం విన్నారు, తల్లులు మెల్లగా మాట్లాడమని గదమడం విన్నారు. పిల్లలందరూ ఒక్కసారి వెనక్కి తిరిగి అమ్మానాన్నల వైపు చూశారు. వాళ్లలో ఒక్కరు తలూపితే చాలు, ఆ వాక్యం పూర్తయ్యేది. తండ్రులు నేల చూశారు. తల్లులు పెదాల మీద వేలు పెట్టుకున్నారు. కెజియా దగ్గింది.

సలోమి అందించడానికి లేదు. అందిస్తే చెల్లదు. ఆమె పిల్లల నోళ్లకేసి చూస్తూ, తన నోరు గట్టిగా బిగించుకుని నిలబడింది. గాలికి షామియానా తాళ్లు కొట్టుకున్నాయి. ఛైర్మన్ గారు చేతి గడియారం చూసుకున్నారు, కోపంగా కాదు.

అప్పుడు వెనకనుంచి సంతోషమ్మ లేచింది.

“చెప్పండర్రా, నోట్లో ఏముంది? ఆయనే! ఆ నడిమి కుర్చీలో కూర్చున్నాయన! పూర్ణచంద్రరావు! నా కొడుకు చేత చక్రం తిప్పించి నా మనవరాలి కడుపులో రంగు పోసినాయన!”

అందరూ విన్నారు. మైకు లేకపోయినా చివరి వరసదాకా వినిపించింది. నాగభూషణం లేచి, సదరు మహిళ ఏ తరగతిలోనూ విద్యార్థిగా నమోదు కానందున ఆ ధ్వనిని జవాబుగా పరిగణించలేమని ప్రకటించాడు. మినిట్స్‌లో ‘కొంత శబ్దము’ అని రాసుకున్నాడు. ముసలామె నిలబడే ఉంది. పక్కనున్న ఆడవాళ్లు ఆమె కొంగు పట్టి లాగి కూర్చోబెట్టారు. వాళ్లలో ఆ నీళ్లతో తెల్లబియ్యాన్ని ఎర్రగా వండిపెట్టని ఇల్లాలు ఒక్కరూ లేరు.

మండలి అక్కడికక్కడే సమావేశమై నిర్ణయం చెప్పింది. ప్రశ్న దానియేలు అడిగినదే, కనుక సక్రమం. అడిగిన తీరు సక్రమం. జవాబులో మొదటి సగం వచ్చింది, రెండో సగం రాలేదు. కనుక పాత జవాబు సగం రద్దు. ఎవరికీ అన్యాయం జరగలేదని చప్పట్లు కొట్టారు.

ఆ సాయంత్రం దానియేలు ఇంటికి వచ్చాడు. పాదాల దగ్గర మొదలై మెడ దాకా వచ్చాడు. ఎడమకాలి చిటికెనవేలు లేదు, మెడపైన తల లేదు. గడప దగ్గర ఆగి, అలవాటుగా కాళ్లు దులుపుకుని లోపలికొచ్చి గోడవార కూర్చున్నాడు. సంతోషమ్మ వచ్చి అతని భుజాలు తడిమింది, ఛాతీ తడిమింది, మడమల పగుళ్లు వేలితో రాసి చూసింది.

“మెడ దాకా మావోడేనే,” అన్నది. ఆ తర్వాత చెయ్యి పైకి పోబోయి గాల్లో ఆగిపోయింది.

తెల్లవారి మిల్లు నుంచి కబురు వచ్చింది. అతని ఉద్యోగం పోలేదని, తల లేకపోవడం ఆ పనికి అనర్హత కాదని, నిజానికి తల ఉండాలన్న నిబంధన ఇదివరకూ ఎక్కడా లేదని. దానియేలు లేచి వెళ్లాడు. దారి కాళ్లకు తెలుసు, చక్రం చేతులకు తెలుసు. అప్పటి నుంచి ప్రతి రాత్రి షిఫ్టులో గొట్టం తెరుస్తాడు, మూస్తాడు. అంత క్రమంగా పనిచేసే మనిషి మిల్లులో ఇంకొకడు లేడని సూపర్‌వైజర్లు అంటారు. ఆకలని అడగడు, జీతం పెంచమని అడగడు. ఈ మధ్య కొంతమంది కార్మికులు అతన్ని చూసి, నయం, ఏ గొడవా లేదు వీడికి అని అసూయపడుతున్నారు కూడా. ఆ మాట అన్నవాళ్లకు తలలు ఉన్నాయి.

సంక్షిప్త ముద్రణ వచ్చింది. అందులో రెండువందల పదమూడో జవాబు ఇప్పుడు ఇలా అచ్చయింది: ‘మన బావుల నీళ్లను ఎర్రగా చేసినది’, ఆ తర్వాత చుక్కలు. పిల్లలు చుక్కలను కూడా కంఠస్థం చేశారు. ఎంతసేపు మౌనంగా ఉండాలో, ఎప్పుడు ఊపిరి పీల్చి తర్వాతి ప్రశ్నకు వెళ్లాలో వాళ్లకు బాగా వచ్చు. తనిఖీకి వచ్చిన పెద్దలు ఆ మౌనంలోని భక్తిని మెచ్చుకుంటారు. సలోమి బెత్తం విరిచి పొయ్యిలో పెట్టింది గానీ తరగతి మానలేదు. పిల్లలు ఆ చుక్కల దగ్గర ఆగినప్పుడు ఆమె ముందుకు వంగి వింటుంది. అక్కడ ఒక మనిషి మాట్లాడబోతూ తీసుకునే ఊపిరి వినిపిస్తుంది. దానియేలు తల అక్కడుంది.

మండలి పెద్దల్ని అడిగేది ఏమీ లేదు. అడిగే మాట కొమ్మలూరు పేటవాళ్లను, అలాంటి నీళ్లే తాగుతున్న ప్రతి ఊరివాళ్లను. మీ పిల్లలు సగం చెప్పారు. సగమైనా చెప్పారు. విద్యార్థిగా నమోదైనవాళ్ల మాటే లెక్కలోకి వస్తుందన్నారు గదా? పెద్దవాళ్లు నమోదు కాకూడదని ఏ నిబంధనలోనూ లేదు. ఈ ఆదివారమే వెళ్లండి. గుడికి పోయేవాళ్లు గుడికి, చర్చికి పోయేవాళ్లు చర్చికి, మసీదుకు పోయేవాళ్లు మసీదుకు. పేరు రాయించుకుని పిల్లల పక్కన చాప మీద కూర్చోండి. చేతులు కట్టుకోకండి. తెలియదని మొదలుపెట్టకండి. ప్రశ్న వస్తుంది. వాక్యం మొదలవుతుంది. చుక్కల దగ్గరికి వచ్చేసరికి ఒక్కరు కూడా ఆగకండి. ఆ పేరు చెప్పండి.